హిందీ చిత్రగీతములలో రాగసంపద

హిందీ చలనచిత్రగీతములను గూర్చి సంగీతజ్ఞుల నడుమ రెండభిప్రాయములు చిరకాలముగా వినవచ్చుచున్నవి. చిత్రగీతము రాగమును చెరచినదని కొందరి ఆక్షేపణ. రాజాస్థానములలోను కచేరీ మందిరములలోను మాత్రమే మెలగుచుండిన రాగమును సామాన్యుని గడపకు చేర్చినది ఆ గీతమేనని మరికొందరి వాదము. ఉభయపక్షముల వారును పెద్దలే. కావున ఎవరి మాట నెగ్గవలెనన్న పట్టుదల విడిచి, ఈ పాటలు ఎట్లు పుట్టినవి, వీటిని కూర్చినవారెవరు, పాడినవారెవరు, వీటిలో రాగము ఎంత నిలిచినది, ఎంత తొలగినది అని విచారించుట మేలు. రేడియోలో పనిచేయు మాకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ఒకప్పుడు ఈ వాదమే మన దేశపు రేడియో కేంద్రముల కార్యక్రమ పట్టికలను తారుమారు చేసినది.

మన దేశమున తొలి సంపూర్ణ శబ్దచిత్రమగు 'ఆలం ఆరా' 1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజస్టిక్ సినిమాలో విడుదలయినది. అందు ఏడు పాటలున్నవి. మరుసటి సంవత్సరము వచ్చిన 'ఇంద్రసభ'లో పాటలు సుమారు డెబ్బది. చిత్రము మాట నేర్చిన దినముననే పాటయు నేర్చినదన్నమాట. ఈ పాటలు శూన్యమునుండి ఊడిపడలేదు. పార్శీ నాటకశాలల వరుసలు, మరాఠీ రంగస్థలపు పద్యగానము, లక్నో, కాశీ నగరముల ఠుమ్రీలు, దాద్రాలు, గజళ్లు అన్నియు అప్పటికే జనుల నోళ్లలో నానుచున్నవి. తొలినాటి చిత్రగీతము ఈ సొత్తునుండియే అప్పు తెచ్చుకొన్నది.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. గంటసేపు విస్తరించి పాడవలసిన రాగమును మూడు నిమిషములకు కుదించిన అపరాధము సినిమాదని తరచుగా అందురు. ఆ పని సినిమాకు ఎంతో ముందే జరిగినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసిననాటి నుండియు గ్రామఫోను పళ్లెము మన సంగీతమునకు కాలపరిమితి విధించినది. ఒక ప్రక్కన మూడు నిమిషములు, మించిన మూడున్నర. అబ్దుల్ కరీం ఖాన్ వంటి మహావిద్వాంసులు సైతము ఆ పరిమితికి లోబడి పాడినవారే. ఆ కొద్ది వ్యవధిలోనే ఆలాపన ఛాయ చూపి, పల్లవి నిలిపి, నాలుగు తానములు వేసి ముగించు నేర్పు వారికలవడినది. చిత్రగీతము ఆ నేర్పునకు వారసురాలు మాత్రమే.

మొదటి తరపు సంగీత దర్శకులలో పలువురు రేడియో నుండి వచ్చినవారగుట మాకు గర్వకారణము. కలకత్తా న్యూ థియేటర్స్ సంస్థకు ప్రాణమువంటి రాయ్‌చంద్ బోరాల్ అంతకు మునుపే కలకత్తా రేడియో కేంద్రపు సంగీత కార్యక్రమములు నడిపినవారు. పంకజ్ మల్లిక్‌కును ఆ కేంద్రముతో గాఢమయిన అనుబంధమున్నది. బాంబే టాకీస్ చిత్రములకు బాణీలు కట్టిన సరస్వతీదేవి అసలు పేరు ఖుర్షీద్ హోంజీ. ఆమె పార్శీ వనిత. భాత్‌ఖండే పండితుని వద్ద శాస్త్రీయ సంగీతము అభ్యసించి, సోదరితో కూడి బొంబాయి రేడియోలో పాడుచుండెడిది. తరువాతి తరమువారగు రోషన్, మదన్ మోహన్‌లును ఆకాశవాణిలో కొలువు చేసి సినిమాకు వెళ్లినవారే. రోషన్ మైహర్‌లో అల్లావుద్దీన్ ఖాన్ శుశ్రూష కూడ చేసినారు. 1935 నాటి హిందీ 'దేవదాసు'కు సంగీతము సమకూర్చిన తిమిర్ బరన్ ఆ ఉస్తాద్ శిష్యుడే. చిత్రగీతమునకు రాగపరిచయము లేదనుటకు తొలినుండియు ఆధారము లేదు.

ఆ తరమున అందరికంటె ముందు చెప్పుకొనవలసిన గాయకుడు కుందన్‌లాల్ సైగల్. ఘరానా పద్ధతిలో దీర్ఘకాలము శిక్షణ పొందిన విద్వాంసుడు కాదు. అయినను స్వరము మీద ఆయన నిలకడ, పలుకును రాగములో కరగించు తీరు విద్వాంసులచేత కూడ తల ఊపించినవి. 1938లో వచ్చిన 'స్ట్రీట్ సింగర్'లో ఆయన పాడిన 'బాబుల్ మోరా' ఠుమ్రీ భైరవి రాగములోనిది. దానిని రచించినవాడు అవధ్ నవాబు వాజిద్ అలీ షా. 1856లో ఆంగ్లేయులు రాజ్యమును హరించగా లక్నో విడిచి కలకత్తాకు పోయిన ఆ నవాబు, తన ఎడబాటును అత్తవారింటికి తరలు వధువు వేదనగా చెప్పుకొన్నాడు. నేపథ్య గానము అమలులోనికి వచ్చిన తరువాత కూడ ఈ పాటను సైగల్ చిత్రీకరణ సమయముననే వీధిలో నడచుచు పాడగా, వాద్యబృందము కెమెరా కంటబడకుండ వెంట నడచినదని ప్రసిద్ధి. దేశము విడిచిన నవాబు కంటినీరు ఎనుబది ఏండ్ల తరువాత వీధిగాయకుని గొంతులో పలికినది. ఆ చిత్రమును చూచిన వేలాది జనులలో భైరవి రాగము పేరెరుగని వారే అధికము. పేరెరుగకయే రాగమును అనుభవించినారు.

నేపథ్య గానమును గూర్చి ఒక మాట. 1935లో న్యూ థియేటర్స్ వారి 'ధూప్ ఛావ్' చిత్రముతో, తెరమీద కనిపించువారొకరు, పాడువారొకరు అను పద్ధతి హిందీ చిత్రములలో నెలకొన్నది. అంతకు ముందు పాడగలిగినవారే నటింపవలసి వచ్చెడిది; నటింపగలిగినవారే పాడవలసి వచ్చెడిది. ఈ ముడి విడిపోవుట వలన గాత్రమునకు స్వాతంత్ర్యము వచ్చినది. ముఖమునకు రంగు పూసికొన ఇష్టపడని ఉస్తాదు కూడ తెరవెనుక నిలిచి పాడవచ్చును. ఆ అవకాశము ఫలించుటకు మరి పదునేడు సంవత్సరములు పట్టినది.

1952వ సంవత్సరము మన కథలో ముఖ్యమైనది. ఆ సంవత్సరము కేంద్ర సమాచార, ప్రసారశాఖ మంత్రిగా డాక్టర్ బి.వి. కేస్కర్ బాధ్యత వహించినారు. ఆయన స్వయముగా శాస్త్రీయ సంగీతము నేర్చినవారు. సంస్థానములు అంతరించి రాజపోషణ తొలగిన విద్వాంసులకు స్వతంత్ర దేశమున రేడియోయే ఆశ్రయము కావలెనని ఆయన సంకల్పము. 1952 జూలై 20న ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమము ఆరంభమయినది. ఒకే రాత్రి ఒకే విద్వాంసుని గానము దేశమంతటను వినిపించుట అపూర్వమయిన సంగతి. ఆ మేలును ఎవరును కాదనజాలరు. ఆ సంకల్పమునకు రెండవ ముఖమును ఉన్నది. చిత్రగీతములు జనుల అభిరుచిని పాడుచేయుచున్నవను భావముతో ఆకాశవాణిలో వాటి ప్రసారమును తగ్గించినారు. ప్రసార సమయమున చిత్రము పేరు చెప్పుట ప్రకటనతో సమానమని దానిని మానివేసినారు. నిర్మాతలు కోపించి తమ అనుమతులు ఉపసంహరించుకొన్నారు. కొద్ది కాలములోనే చిత్రగీతము ఆకాశవాణి నుండి దాదాపు మాయమయినది. శ్రోతలు ఏమి చేసినారు? రేడియో ముల్లును రేడియో సిలోన్ వైపు త్రిప్పినారు. ఆ ఏడాది డిసెంబరులో అమీన్ సయానీ వ్యాఖ్యానముతో అచ్చట మొదలయిన 'బినాకా గీతమాలా' కొరకు బుధవారము రాత్రి ఇంటింట జనులు కాచుకొని కూర్చుండెడివారు.

ఈ కలహము నడుచుచున్న ఆ 1952లోనే విజయ్ భట్ దర్శకత్వమున, నౌషాద్ సంగీత దర్శకత్వమున 'బైజు బావ్‌రా' విడుదలయినది. రాగమును చెరచుచున్నదని నిందపడిన సినిమాయే, ఆ నిందకు జవాబా అన్నట్లు, ఉస్తాద్ అమీర్ ఖాన్‌ను, పండిత్ డి.వి. పలుస్కర్‌ను పిలిపించి పాడించినది. పలుస్కర్ తండ్రి విష్ణు దిగంబరులు 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయము స్థాపించి సంగీతవిద్యను ప్రజలలోనికి తెచ్చిన మహనీయుడు. అక్బరు కొలువులో తాన్‌సేన్‌కును బైజుకును జరిగిన పోటీగా చిత్రములో వచ్చు పాటను తాన్‌సేన్ పక్షమున అమీర్ ఖాన్, బైజు పక్షమున పలుస్కర్ దేశీ రాగములో పాడినారు. కథ జనశ్రుతియే కాని చరిత్ర కాదు. పాడిన పాట మాత్రము కచేరీ స్థాయిలోనిది. అమీర్ ఖాన్ గంభీరమయిన మెరుఖండ్ విన్యాసము, పలుస్కర్ పారదర్శకమయిన కంఠము ఎదురెదురుగా నిలిచిన ఆ కొద్ది నిమిషములు మరల రాలేదు. పలుస్కర్ 1955లో, ముప్పదినాలుగేండ్ల ప్రాయముననే, కీర్తిశేషుడయినాడు.

అదే చిత్రములో మహమ్మద్ రఫీ పాడిన హరిభజనము మాల్‌కౌన్స్ రాగములోనిది. మన కర్ణాటక సంప్రదాయమున దీనికి సరియైనది హిందోళము. త్యాగరాజస్వామి 'సామజవరగమన' కీర్తన ఎరిగిన తెలుగువారికి ఆ రాగము చెప్పకయే తెలియును. ఋషభ పంచమములు లేని ఈ ఐదు స్వరముల రాగములో మధ్యమము ఆధారముగా నిలిచి, మిగిలిన స్వరములు దాని చుట్టును తిరుగును. రఫీ పాటలో ఆ మధ్యమము మీది నిలకడ ఎచ్చటను సడలలేదు. ఈ భజనమును వ్రాసిన షకీల్ బదాయూనీ, బాణీ కట్టిన నౌషాద్, పాడిన రఫీ ముగ్గురును మహమ్మదీయులు. దేశవిభజన గాయములింకను పచ్చిగా ఉన్న ఆ దినములలో ఈ సంగతిని జనులు ప్రత్యేకముగా చెప్పుకొన్నారు, నేటికిని చెప్పుకొనుచున్నారు. రాగమునకు మతభేదము లేదని ఉపన్యాసములు చేయు పని లేకుండ ఒక పాట నిరూపించినది. 1954లో ఫిలింఫేర్ బహుమతులు మొదలయినప్పుడు సంగీతమునకు తొలి బహుమతి ఈ చిత్రమునకే నౌషాద్ అందుకొన్నారు.

పొగడ్తతో పాటు పరీక్షయు అవసరము. అదే చిత్రమున రఫీ పాడిన దర్బారీ రాగపు గీతము మిక్కిలి ప్రఖ్యాతి వహించినది. దర్బారీ అసలు స్వభావము గాంభీర్యము. మంద్ర, మధ్య స్థాయిలలో మెల్లగా సంచరించుచు, గాంధార ధైవతములను ఉయ్యాలవలె ఊపుచు పాడుట దానికి అందము. చిత్రగీతమో తారస్థాయికి అంచెలంచెలుగా ఎగబ్రాకి, కథానాయకుని ఆక్రోశమును పై శిఖరమున నిలిపినది. సన్నివేశమునకు అది తగియున్నది. రాగధర్మమునకు అంతగా తగిలేదు. చిత్రగీతములో రాగమునకు యజమాని సన్నివేశము. ఆ యజమాని రాగస్వభావమునకు అనుకూలుడయినప్పుడు పాట రత్నమగును. ప్రతికూలుడయినప్పుడు స్వరములు మిగులును, రాగము తొలగును. ఈ గీటురాయి మీద గీచి చూచినయెడల ఏ పాట విలువ ఎంతయో శ్రోతలే నిర్ణయింపగలరు.

'బైజు బావ్‌రా' విజయమువలన తలుపు తెరచుకొన్నది. 1955లో శాంతారాం 'ఝనక్ ఝనక్ పాయల్ బాజే' చిత్రమునకు వసంత్ దేశాయ్ సంగీతమున అమీర్ ఖాన్ అడాణా రాగములో పాడినారు. 1956లో 'బసంత్ బహార్'కు శంకర్ జైకిషన్‌లు భీంసేన్ జోషీని రప్పించినారు. ఇందును పోటీ సన్నివేశమే. కథానాయకునకు గొంతునిచ్చిన మన్నా డే ఆ పోటీలో భీంసేన్ జోషీని ఓడింపవలెను. అంతటి విద్వాంసుని ఎదుట పాడి గెలుచుట ఎట్లని మన్నా డే వెనుకాడినట్లు ఆయనయే తరువాత చెప్పుకొన్నారు. పాట విన్నవారికి వారి సంకోచము తోచదు; సాధన మాత్రమే వినిపించును. 1959లో వచ్చిన 'గూంజ్ ఉఠీ షెహనాయీ'లో బిస్మిల్లా ఖాన్ షెహనాయి కథానాయకుని కంఠమయినది. పెండ్లి పందిరిలో వినుటకు అలవాటుపడిన ఆ వాద్యములో ఎంతటి రాగవిస్తృతి కలదో లక్షలాది జనులు ఆ చిత్రముతో గుర్తించినారు.

ఈ వరుసకు శిఖరము 1960లో వచ్చిన 'మొగల్ ఎ ఆజం'. బడే గులాం అలీ ఖాన్ సినిమాకు పాడుటకు ఇష్టపడనివారు. నిర్మాతను వదలించుకొనుటకై పాటకు ఇరువదియైదు వేల రూపాయలు అడుగగా, కె. ఆసిఫ్ తక్షణమే అంగీకరించినారని ప్రతీతి. పేరుమోసిన నేపథ్య గాయకులకు సైతము పాటకు వందలలో ముట్టుచుండిన రోజులవి. నౌషాద్ సంగీతమున ఖాన్ సాహెబు పాడినవి రెండు పాటలు; ఒకటి సోహనీ, మరియొకటి రాగేశ్రీ. సోహనీ పాట తెరమీద సలీం, అనార్కలీల ఏకాంత సన్నివేశమునకు నేపథ్యముగా వచ్చును. పాత్రలు మాటాడవు; రాగమే మాటాడును. సన్నివేశమే రాగమునకు దాసి అయిన అరుదయిన ఘట్టమిది. ఆ మహాగాయకుడు తమ చివరి దినములు హైదరాబాదులో గడపి, 1968 ఏప్రిల్‌లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూసినారు. మన నేలలోనే ఆయన దేహము కలిసినది.

ఉత్తరాది రాగములను గూర్చి చెప్పుచు దక్షిణాది దానమును మరువరాదు. హంసధ్వని రాగమును సృష్టించినవారు రామస్వామి దీక్షితులు. వారి కుమారుడు ముత్తుస్వామి దీక్షితుల 'వాతాపి గణపతిం' కీర్తనతో ఆ రాగము దక్షిణమున ప్రతి కచేరీకి మంగళారంభమయినది. భెండీబజార్ ఘరానాకు చెందిన అమన్ అలీ ఖాన్ దానిని హిందూస్తానీ పద్ధతిలో పాడి వ్యాప్తికి తెచ్చినారు. 1956లో వచ్చిన 'పరివార్' చిత్రమునకు సలిల్ చౌధురీ ఆ కీర్తన ధోరణిలోనే హంసధ్వనిలో ఒక యుగళగీతము కట్టినారు. పాడినవారు మన్నా డే, లతా మంగేష్కర్. ఇరువురును అమన్ అలీ ఖాన్ వద్ద నేర్చినవారగుట గమనింపదగినది. 1960లో వచ్చిన 'అనురాధ'లో రవిశంకర్ మన జనసమ్మోహిని రాగమున ఒక మధురగీతము కూర్చినారు.

అచ్చముగా తెలుగువారి కానుక 'సువర్ణసుందరి'. 1957లో అంజలీ పిక్చర్స్ వారు నిర్మించిన తెలుగు చిత్రమున ఘంటసాల, జిక్కి పాడిన 'హాయి హాయిగా' గీతమును మన పాఠకులకు పరిచయము చేయ పని లేదు. పి. ఆదినారాయణరావు దానిని హిందూస్తానీ రాగమాలికగా కూర్చినారు. అదే కథ హిందీలో వచ్చినప్పుడు ఆ వరుసకు లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ గొంతు కలిపినారు. సోహనీతో మొదలై, బహార్, జౌన్‌పురీల మీదుగా యమన్‌లో ముగియు ఆ పాటలో ఒక రాగము నుండి మరొక రాగమునకు దాటునప్పుడు అతుకు కనబడదు. హిందీ చిత్రసీమలో రాగప్రధాన గీతముల పట్టిక ఎవరు వ్రాసినను అందులో ఈ ఆంధ్రుని కూర్పు చేరక తప్పదు.

ఇక మరల రేడియో సంగతి. అయిదేండ్లకు అనుభవము దారి చూపినది. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి 'వివిధ భారతి'ని ప్రారంభించినది. చిత్రగీతము గౌరవముగా తిరిగి వచ్చినది. అంతకంటె విశేషమేమనగా, తరువాతి కాలమున అదే వివిధ భారతిలో 'సంగీత సరిత' అను కార్యక్రమము ప్రసారమయినది. ఒక రాగమును పరిచయము చేసి, దాని స్వరములు వివరించి, ఆ రాగము ఆధారముగా గల చిత్రగీతమును, శాస్త్రీయ గానమును వినిపించుట అందలి పద్ధతి. ఏ పాటను రాగమునకు శత్రువని తలచినారో, ఆ పాటయే రాగమునకు దివిటీ పట్టినది. కేస్కర్ గారి ఆశయము జనులకు రాగము తెలియవలెనని. ఆ ఆశయము నెరవేరుటకు నిషేధముకంటె పరిచయము మంచి మార్గమయినది. జాతీయ సంగీత కార్యక్రమమును స్థాపించిన చేయి, చిత్రగీతమునకు తలుపు మూసిన చేయి ఒక్కటే అగుటచే, రెండింటిని వేరువేరుగా తూచుట న్యాయము.

1963లో వచ్చిన 'మేరీ సూరత్ తేరీ ఆంఖే'లో ఎస్.డి. బర్మన్ ఆహిర్ భైరవ్‌లో కట్టగా మన్నా డే పాడిన గీతము, 1964లో వచ్చిన 'చిత్రలేఖ'లో రోషన్ యమన్‌లో కట్టగా రఫీ పాడిన గీతము ఈ వైభవమునకు మరి రెండు నిదర్శనములు. ఆహిర్ భైరవ్ మన చక్రవాకము. యమన్ మన కళ్యాణి. పిమ్మట చిత్రకథల తీరు మారినది. ఆస్థానములు, గాయకులు, దేవదాసీలు గల కథలు తగ్గి నగరజీవితపు కథలు పెరిగినవి. రాగమునకు తగిన సన్నివేశము అరుదయినది. వాద్యబృందములు విస్తరించి, పాశ్చాత్య లయలు ప్రబలినవి. అయినను ధార ఎండిపోలేదు. 1971లో 'గుడ్డీ' చిత్రమున వసంత్ దేశాయ్ మియా మల్హార్‌లో కూర్చిన పాటతో వాణీ జయరాం హిందీ శ్రోతల మనసు గెలిచినది. ఎనిమిదేండ్లకు మన 'శంకరాభరణము'లో పాడి జాతీయ బహుమతి పొందినదియు ఆమెయే. ఆ 'శంకరాభరణము'ను కె. విశ్వనాథ్ 1985లో 'సుర్ సంగం'గా హిందీలో తీసినప్పుడు, కాశీ ఘరానాకు చెందిన రాజన్, సాజన్ మిశ్రా సోదరుల గానము దానికి వన్నె తెచ్చినది. తెలుగు కథ హిందూస్తానీ సంగీతమును హిందీ తెరకు మరల తోడ్కొని వచ్చినది.

ఇంతకును మొదటి ప్రశ్నకు సమాధానమేమి? చిత్రగీతము రాగము కాదు, రాగపు ఛాయ. ఆ ఛాయతోనే తృప్తిపడినవాడు దర్బారీ లోతును, మాల్‌కౌన్స్ విస్తృతిని ఎన్నటికి ఎరుగడు. ఆక్షేపించు పెద్దల మాటలో ఈ సత్యమున్నది. అయితే, ఛాయ చూచియే వృక్షమును వెదకుచు పోయినవారు లెక్కలేనంత మంది. గురుకులమెరుగని వానికి, కచేరీకి టిక్కెట్టు కొనలేని వానికి, ఘరానా స్త్రీలు పాట వినరాదన్న ఇండ్లలోని వనితలకు రాగము మొదట పరిచయమయినది రేడియోలో వచ్చిన పాట వలననే. ఈ మేలును కాదనుట కృతఘ్నత.

కావున పాఠకులకు మా మనవి ఒక్కటి. 'బైజు బావ్‌రా' భజనము ఈసారి రేడియోలో వినవచ్చినప్పుడు, అది ముగియగానే మీట త్రిప్పవలదు. అమీర్ ఖాన్ పాడిన మాల్‌కౌన్స్ ఖయాలును, మన విద్వాంసులు పాడిన హిందోళ కీర్తనను వెదకి వినుడు. మూడు నిమిషముల పాటలో ఏ మధ్యమము మీ మనసును పట్టి నిలిపినదో, ఆ మధ్యమము చుట్టును ఎంత విశాలమయిన లోకమున్నదో అప్పుడు తెలియగలదు.